లిథియం ఏళ్ల తరబడి వాడితే మెదడులో ఏం జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

బైపోలార్ డిజార్డర్ (కొన్నాళ్లు హద్దుమీరిన ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే మానసిక జబ్బు) అని చెప్పి డాక్టర్ చీటీ మీద లిథియం రాయగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. ఎన్నేళ్లు వాడాలి, మెదడు దెబ్బతింటుందా, కిడ్నీలు పోతాయా, పిల్లాడు మొద్దుబారిపోతాడా? ఓపీలో బయట ఇంకో ముప్పై మంది వరుసలో ఉంటే ఇవన్నీ తీరిగ్గా అడగడానికి కుదరదు. ఆ మందు వాడుతున్నవాళ్లూ, వాళ్లని కనిపెట్టుకుని ఉన్నవాళ్లూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. ఇది చదివి డోసు మార్చుకోవద్దు, ఆపొద్దు. ఆ మాట మీ సైకియాట్రిస్ట్‌తోనే.

లిథియం అంటే సెల్‌ఫోన్ బ్యాటరీలో ఉండేదేనా?

మూలకం అదే. హైడ్రోజన్, హీలియం తర్వాత మూడోది. అయితే మాత్రలో ఉండేది లోహం కాదు, లిథియం కార్బొనేట్ అనే లవణం. మన మందుల షాపుల్లో లైకాబ్, లిథోసన్, ఇంటాలిథ్ లాంటి పేర్లతో దొరుకుతుంది.

మందుగా దీన్ని వెలుగులోకి తెచ్చింది ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్. 1949లో మెల్‌బోర్న్ దగ్గర బండూరా ఆస్పత్రిలో మేనియాతో, అంటే హద్దుమీరిన ఉత్సాహం, ఉద్రేకంతో ఉన్న పదిమందికి ఇచ్చి చూశాడు. మొదటి రోగి ఏళ్ల తరబడి వార్డులోనే మగ్గుతున్న మనిషి. కోలుకుని ఇంటికెళ్లి, పాత ఉద్యోగంలో చేరాడు. తర్వాత మందు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది. మళ్లీ ఆస్పత్రిలో చేర్చి లిథియం ఇస్తే ఈసారి అది ఒంట్లో ఎక్కువైపోయి 1950లో చనిపోయాడు. రక్తంలో లిథియం ఎంతుందో చూసి డోసు సరిచేసే పద్ధతి అప్పటికి వాడుకలోకి రాలేదు. మధ్యలో మానేయడం, లెవెల్ చూసుకోకపోవడం: ఇప్పటికీ ఈ మందుతో వచ్చే పెద్ద ప్రమాదాలు ఈ రెండే.

అంటే ఒంట్లో లిథియం తగ్గడం వల్ల బైపోలార్ వస్తుందా?

కాదు. ఐరన్ తగ్గితే ఐరన్ మాత్ర ఇచ్చినట్టు ఇచ్చే మందు కాదిది. తాగే నీళ్లలోనుంచీ తిండిలోనుంచీ మన రక్తంలోకి చేరే లిథియం లెక్కలోకి రానంత తక్కువ. చికిత్సలో ఉండే మోతాదు దానికి వందల రెట్లు ఎక్కువ. లేనిదాన్ని భర్తీ చేయడానికి కాదు, మెదడు కణాలు పనిచేసే తీరును మార్చడానికి ఇస్తారు.

‘కెమికల్ ఇంబాలెన్స్’ అంటున్నారు. బైపోలార్‌లో ఏ కెమికల్ తేడా?

ఒక్క కెమికల్ పేరు చెప్పి ఇదే కారణం అనడానికి వీల్లేదు. అలా చెబితే వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ నిజం కాదు. మేనియా సమయంలో, నాడీకణాల మధ్య కబుర్లు మోసే డోపమిన్ అనే రసాయనం చురుకు పెరుగుతుందని చాలా ఆధారాలున్నాయి. గ్లుటమేట్ అనే ఉత్తేజక రసాయనంలోనూ తేడాలు కనిపించాయి. కణం లోపల కబురు మోసే వ్యవస్థలు, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా, నిద్రా మెలకువలను నడిపే జీవగడియారం, వీటన్నిటిలోనూ మార్పులున్నట్టు పరిశోధనలు చూపించాయి. జన్యువుల పాత్ర పెద్దదే, కానీ అది ఒక జన్యువు కాదు, ఎన్నో జన్యువుల చిన్న చిన్న ప్రభావాల మొత్తం. పెంపకం లోపమో, మనిషి బలహీనతో, ఎవరో చేసిన చేతబడో కాదు.

జబ్బును నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ ఇంకా లేవు. మనిషి చరిత్ర అడిగి తెలుసుకునే డాక్టర్ అనుభవమే ఆధారం.

మాత్ర మింగాక లిథియం మెదడు దాకా ఎలా వెళ్తుంది?

పేగుల్లోనుంచి పూర్తిగా రక్తంలో కలుస్తుంది. చాలా మందుల్లా కాలేయంలో విరగదు, రక్తంలోని ప్రొటీన్లకు అంటుకోదు. వచ్చింది వచ్చినట్టే తిరిగి, కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. ఉన్నదాంట్లో సగం పోవడానికి సుమారు ఒక రోజు పడుతుంది. పెద్ద వయసువాళ్లకీ, కిడ్నీలు నెమ్మదించినవాళ్లకీ ఇంకా ఎక్కువ. డోసు మార్చాక లెవెల్ ఒక చోట నిలబడడానికి అయిదారు రోజులు ఆగమనేది అందుకే.

మెదడులోకి మాత్రం నిదానంగా చేరుతుంది. సోడియం వెళ్లే దారుల గుండానే నాడీకణాల్లోకి దూరుతుంది. ప్రత్యేకమైన స్కాన్లతో కొలిస్తే మెదడులో లిథియం రక్తంలో కన్నా తక్కువే ఉంటోంది, మనిషికీ మనిషికీ తేడా కూడా బాగానే ఉంది. వయసు మళ్లినవాళ్లలో రిపోర్టు మామూలుగా ఉన్నా తడబాటు, మతిమరుపు కనిపించవచ్చు. అంకె బాగుంది కదా అని ఊరుకోకుండా డాక్టర్‌కి చెప్పాలి.

కణం లోపలికి వెళ్లి అసలేం చేస్తుంది?

కాస్త ఓపిగ్గా చదవాల్సిన జవాబు ఇది. కానీ అర్థమైతే మిగతా ప్రశ్నలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

కణంలో కొన్ని ఎంజైములు పనిచేయాలంటే మెగ్నీషియం కావాలి. లిథియం పోలికల్లో మెగ్నీషియానికి దగ్గర. అందుకే ఆ ఎంజైముల్లో కొన్నిటిలో దాని చోటుకి పోటీకొచ్చి, వాటి పనిని తగ్గిస్తుంది. అందులో రెండిటి గురించి ఎక్కువ పరిశోధన జరిగింది.

మొదటిది ఇనోసిటాల్‌ను తిరిగి తయారుచేసే ఎంజైమ్. బయటినుంచి ఒక నాడీకణానికి కబురు అందినప్పుడు, దాన్ని లోపలికి చేరవేసే గొలుసులో ఇనోసిటాల్ ఒక ముడిసరుకు. వాడినదాన్నే కణం మళ్లీ మళ్లీ తిప్పి వాడుకుంటుంది. లిథియం ఆ తిరుగుదారిని అడ్డుకుంటుంది కాబట్టి, విపరీతంగా ఉరకలేస్తున్న కణాల్లోనే ముడిసరుకు ముందు తగ్గుతుంది. తూము మూసేయడం కాదు, పొంగుతున్న చోట తలుపు కాస్త దించడం. మామూలుగా పనిచేసే కణాల జోలికి పెద్దగా పోకపోవడానికి ఇదే కారణం కావచ్చని బ్రిటిష్ శాస్త్రవేత్త మైకేల్ బెర్రిడ్జ్ బృందం 1980లలో ప్రతిపాదించింది. అయితే ఒక చిక్కుంది. లిథియం మొదలుపెట్టిన కొద్ది రోజులకే మెదడులో ఇనోసిటాల్ తగ్గడం స్కాన్లలో కనిపించింది. మనిషి కుదుటపడడానికి మాత్రం వారాలు పడుతోంది. అంటే ఇనోసిటాల్ తగ్గడం మొదటి మెట్టే, అదే గమ్యం కాదు.

రెండోది జీఎస్‌కే-3 అనే ఎంజైమ్. దీని సంగతి కప్పల దగ్గర బయటపడింది. లిథియం తగిలితే కప్ప పిండాల ఎదుగుదల ఒక ప్రత్యేకమైన తీరులో దారి తప్పుతుందని శాస్త్రవేత్తలకు ఎప్పటినుంచో తెలుసు. 1996లో పీటర్ క్లైన్, డగ్లస్ మెల్టన్ దానికి కారణం వెతికి, లిథియం జీఎస్‌కే-3ని అడ్డుకుంటుందని చూపించారు. ఈ ఎంజైమ్ చేతుల్లో పనులు చాలా ఉన్నాయి: కణం బతుకు, చావు, ఏ జన్యువులు చురుగ్గా ఉండాలి, నాడుల మధ్య అతుకులు ఎంత గట్టిగా ఉండాలి, జీవగడియారం ఏ వేగంతో నడవాలి. లిథియం దీన్ని పూర్తిగా ఆపదు, పాక్షికంగా తగ్గిస్తుంది. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ కొంత తక్కువగా ఉన్న ఎలుకలు, లిథియం తీసుకున్న ఎలుకల్లాగే ప్రవర్తించాయి.

డోపమిన్, గ్లుటమేట్‌ల మీద ఎలాంటి ప్రభావం?

డోపమిన్ గ్రాహకం (కణం మీద డోపమిన్ వచ్చి అతుక్కునే చోటు) దగ్గర మొదలైన కబురు కణం లోపల ఎంత పెద్దగా వినిపించాలో లిథియం తగ్గిస్తుంది. గ్లుటమేట్ విషయంలో ‘ఎంతకాలంగా వాడుతున్నారు’ అన్నదే కీలకం. జంతువుల్లో చూస్తే, కొత్తలో నాడుల మధ్య గ్లుటమేట్ పెరుగుతుంది. వాడకం కొనసాగేకొద్దీ దాన్ని తిరిగి లోపలికి లాక్కునే యంత్రాంగం బలపడి, చివరికి ఒక స్థిరమైన స్థాయి దగ్గర కుదురుకుంటుంది. గ్లుటమేట్ మితిమీరితే నాడీకణాలు దెబ్బతింటాయి కాబట్టి ఇది మంచి మార్పే. ఒక్కరోజు వేసుకున్న లిథియం, ఏడాదిగా వాడుతున్న లిథియం మెదడులో చేసే పని ఒకటి కాదు.

అందుకేనా పనిచేయడానికి అన్ని వారాలు?

అవును. ఎంజైమ్‌ని అడ్డుకోవడం గంటల్లో జరిగిపోతుంది. దానివల్ల జన్యువుల పని మారి, కొత్త ప్రొటీన్లు తయారై, అతుకులు సర్దుకోవాలి కదా. నాడీకణాలకు బలమిచ్చే బీడీఎన్ఎఫ్, కణం చనిపోకుండా కాపాడే బీసీఎల్-2 లాంటి ప్రొటీన్లు లిథియం వల్ల పెరుగుతాయని ప్రయోగశాలల్లో తేలింది. మేనియా తగ్గడానికి ఒకటి నుంచి మూడు వారాలు పట్టవచ్చు. ఈలోగా నిద్రపట్టాలి, ఉధృతి తగ్గాలి కాబట్టి డాక్టర్లు ఓలాంజపైన్ లాంటి మరో మందు జత చేస్తారు. జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా కాపాడే గుణం నిలకడగా వాడుతున్న నెలల్లో గానీ తెలియదు. ‘పది రోజులైంది, ఏం తేడా లేదు’ అని మందు మీద ఆశ వదులుకోకండి.

ఏళ్ల తరబడి వాడితే మెదడు కుంచించుకుపోతుందా?

భయం సహజమే. కానీ ఆధారాలు చాలావరకు దీనికి వ్యతిరేక దిశలో ఉన్నాయి. 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చిన చిన్న అధ్యయనంలో 10 మందికి నాలుగు వారాలు లిథియం ఇచ్చి ముందూ తర్వాతా ఎమ్మారై తీశారు. 8 మందిలో గ్రే మ్యాటర్ (మెదడులో నాడీకణాలు ఎక్కువగా ఉండే భాగం) పెరిగింది, సగటున సుమారు 3 శాతం. 2018లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం వేల మంది స్కాన్లను కలిపి చూసినప్పుడు, బైపోలార్ ఉన్నవాళ్లలో మెదడు పైపొర పల్చబడడం కనిపించింది. లిథియం వాడుతున్నవాళ్లలో ఆ పల్చబడడం తక్కువగా ఉంది.

ఇక్కడ రెండు మాటలు నిజాయితీగా చెప్పాలి. స్కాన్‌లో కనిపించే పెరుగుదలలో కొంత కణాల్లో నీటి మార్పు వల్ల కూడా కావచ్చని కొందరు పరిశోధకుల వాదన. పైగా ఏళ్ల తరబడి లిథియం మీద నిలకడగా ఉన్నవాళ్లు, దానికి బాగా స్పందించినవాళ్లే అయివుంటారు. కాబట్టి మేలు మొత్తం మందుదే అనలేం. అయినా సరైన లెవెల్‌లో వాడితే మెదడు పాడవుతుందన్న భయానికి ఆధారం లేదు.

లెవెల్ దాటిపోతే మాత్రం కథ వేరు. తీవ్రమైన టాక్సిసిటీ (లిథియం ఎక్కువై ఒంటికి విషంగా మారడం) తర్వాత కొందరిలో చిన్నమెదడు దెబ్బతిని నడకలో తూలు, మాటలో తడబాటు శాశ్వతంగా మిగిలిపోతాయి. మెదడుకి మేలు చేసే మోతాదుకీ కీడు చేసే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ.

మా పక్కింటివాళ్ల అమ్మాయికి అద్భుతంగా పనిచేసింది, మావాడికి పనిచేయలేదు. ఎందుకు?

సుమారు మూడో వంతు మందికి చాలా బాగా పనిచేస్తుంది. కొందరికి కొంతవరకు, కొందరికి అసలు పనిచేయదు. మేనియా, డిప్రెషన్ వచ్చి పోయి, మధ్యలో మనిషి పూర్తిగా మామూలుగా ఉండేవాళ్లకీ, రక్తసంబంధీకుల్లో లిథియంతో బాగుపడినవాళ్లు ఉన్నవాళ్లకీ అవకాశం ఎక్కువ.

2015లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు రోగుల చర్మ కణాలను వెనక్కి మళ్లించి, వాటినుంచి ప్రయోగశాలలో నాడీకణాలు పెంచారు. బైపోలార్ ఉన్నవాళ్ల నాడీకణాలు మిగతావాళ్లవాటికంటే ఎక్కువ ఉద్రేకంగా ఉన్నాయి. లిథియం కలిపినప్పుడు, నిజజీవితంలో ఆ మందుతో బాగుపడిన రోగుల కణాలే శాంతించాయి, మిగతావి శాంతించలేదు. మీవాడికి పనిచేయకపోతే అది మీరు సరిగా చూసుకోకపోవడం వల్ల కాదు, తేడా కణంలోనే ఉండవచ్చు. వాల్‌ప్రోయేట్, లామోట్రిజిన్, క్వెటియాపిన్ లాంటి వేరే దారులున్నాయి.

మనిషి మందగిస్తాడా? చదువు, పని ఏమవుతాయి?

కొందరు ఆలోచన కాస్త నెమ్మదించిందనీ, ఉత్సాహం మొద్దుబారిందనీ చెబుతారు. ఆ మాటను కొట్టిపారేయకూడదు. లెవెల్ ఎక్కువుందేమో, థైరాయిడ్ తగ్గిందేమో, జతగా వేసిన మత్తు మందు వల్లనేమో, లోపల డిప్రెషన్ మిగిలిపోయిందేమో డాక్టర్ చూస్తారు. వీటిలో ఏదైనా సరిచేయదగ్గదే.

చేతి వణుకు మరొకటి. టీ గ్లాసు పెదవి దాకా తీసుకెళ్లేటప్పుడు అంచు దాటి సాసర్‌లో చుక్కలు పడతాయి, సంతకం గీతలు గీతలుగా వస్తుంది. సన్నటి వణుకైతే డోసు సర్దితేనో ప్రొప్రనోలాల్ ఇస్తేనో తగ్గుతుంది. ఉన్నట్టుండి ముతకగా, పెద్దగా వణికితే మాత్రం లెవెల్ పెరిగిన గుర్తు, వెంటనే చూపించాలి. నిద్రమాత్రల్లా ఇది వ్యసనం అవుతుందా అని కూడా అడుగుతుంటారు. కాదు.

రక్తపరీక్షకి ఎప్పుడు వెళ్లాలి?

చివరి డోసు వేసుకున్న 12 గంటలకి. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే ఉదయం తొమ్మిదికి రక్తం ఇవ్వాలి. ఉదయం కూడా డోసు ఉంటే దాన్ని జేబులో పెట్టుకెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పొద్దున్నే మాత్ర వేసుకుని ల్యాబ్‌కి వెళ్తారు, అంకె ఎక్కువ చూపిస్తుంది, అనవసరంగా డోసు తగ్గించాల్సి వస్తుంది.

దీర్ఘకాలం వాడేవాళ్లలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. మేనియా తీవ్రంగా ఉన్నప్పుడు 1.0 దాకా. 1.5 దాటితే టాక్సిసిటీ, 2 దాటితే ప్రాణం మీదికి రావచ్చు. కొత్తలో వారానికోసారి, కుదురుకున్నాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి చూపించుకోవాలి. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, కాల్షియం పరీక్షలు ఆరు నెలలకోసారి.

ఎండాకాలం, ఉప్పు, ఉపవాసం, నొప్పి మాత్రలు: వీటి గురించి ఇంత హెచ్చరిక ఎందుకు?

కిడ్నీ లిథియాన్ని సోడియంతో కలిపే చూస్తుంది. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే కిడ్నీ సోడియాన్ని పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటుంది, దాంతోపాటు లిథియం కూడా వెనక్కి వస్తుంది. లెవెల్ పెరుగుతుంది.

రామగుండం, రెంటచింతల వైపు మే నెల ఎండలో పొలం పనిచేసేవాళ్లకీ, గల్ఫ్‌లో ఆరుబయట పనిచేసే మనవాళ్లకీ ఇది పుస్తకాల్లో మాట కాదు. చెమట కారిపోతుంటే నీళ్లతోపాటు ఉప్పు కలిపిన మజ్జిగ తాగాలి. బీపీ ఉందని ఒక్కసారిగా చప్పిడి తిండికి మారొద్దు, మారాల్సివస్తే ముందు డాక్టర్‌కి చెప్పి లెవెల్ చూపించుకోవాలి. రంజాన్ రోజాలైనా, ఏకాదశి ఉపవాసాలైనా అంతే. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే తర్వాతి డోసు వేసుకునే ముందే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లెవెల్‌ని పెంచుతాయి. మోకాళ్ల నొప్పికి వారం రోజులు వేసుకున్నా లెవెల్ పెరిగిపోవచ్చు. పారాసిటమాల్ ఫర్వాలేదు. బీపీకి మన దగ్గర విరివిగా రాసే టెల్మిసార్టాన్, రామిప్రిల్, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ కూడా ఈ జాబితాలోవే. బీపీ డాక్టర్‌కి లిథియం సంగతి, సైకియాట్రిస్ట్‌కి బీపీ మందు సంగతి తప్పక చెప్పాలి.

ముతక వణుకు, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం, ఆగని వాంతులు, మగత, అయోమయం: వీటిలో ఏది కనిపించినా తెల్లారనిద్దాం అనుకోకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వేసుకునే మాత్రల అట్ట కూడా పట్టుకెళ్లండి.

రెండేళ్లుగా బాగున్నాను. ఇక ఆపేయొచ్చా?

ఈ ప్రశ్న అడగని మనిషి ఉండరు. అడగడం తప్పు కాదు, చెప్పకుండా ఆపేయడమే తప్పు.

డెన్మార్క్‌లో పాల్ బాస్ట్రుప్, మోగెన్స్ షూ బృందం 1970లో ఒక ట్రయల్ ఫలితాలు ప్రచురించింది. లిథియం మీద నిలకడగా ఉన్న 84 మంది మహిళల్లో 45 మందికి అదే కొనసాగించారు, 39 మందికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అయిదు నెలల్లో ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 21 మందికి జబ్బు తిరగబెట్టింది. లిథియం వాళ్లలో ఒక్కరికీ కాలేదు. బాగున్నది జబ్బు పోయినందువల్ల కాదు, మందు ఉన్నందువల్ల.

లిథియం పోగానే జీఎస్‌కే-3 మీద అదుపు పోతుంది, ఇనోసిటాల్ చక్రం మళ్లీ పూర్తి వేగంతో తిరుగుతుంది. నెలల తరబడి ఆ మందుకు అలవాటుపడి సర్దుకున్న కణాలకు మళ్లీ మారే వ్యవధి దొరకదు. హఠాత్తుగా ఆపినవాళ్లలో మేనియా చాలా త్వరగా వస్తుంది, ఆత్మహత్య ముప్పు కూడా పెరుగుతుంది. ఆ ముప్పును లిథియం తగ్గిస్తుందని 48 ట్రయల్స్‌ను కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణ చెప్పింది. అమెరికా మాజీ సైనికుల మీద జరిగి 2021లో వెలువడిన ట్రయల్‌లో ఆ తేడా కనిపించలేదు, కాబట్టి చర్చ ముగిసిందనను. కానీ నిలకడగా ఉన్న మనిషి ఒక్కసారిగా ఆపడం మంచిదన్న వాదన ఎవరిదీ కాదు.

నిజంగా ఆపాల్సిన కారణం ఉంటే కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలలు తీసుకుని డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు.

కిడ్నీలు, థైరాయిడ్ మాటేమిటి?

దాహం, ఎక్కువసార్లు మూత్రం రావడం మామూలే. మెదడులో అడ్డుకున్న జీఎస్‌కే-3నే లిథియం కిడ్నీ కణాల్లోనూ అడ్డుకుంటుంది, నీటిని వెనక్కి లాగే మార్గాలు తగ్గుతాయి. దాహం వేస్తోందని నీళ్లు తగ్గించొద్దు. చాలా ఏళ్లు వాడినవాళ్లలో కొందరికి కిడ్నీ పనితీరు తగ్గుతుంది. క్రియాటినిన్ చూపించుకుంటూ ఉంటే అది ముందే కనబడుతుంది. థైరాయిడ్ తగ్గితే మాత్రతో సరిపోతుంది, దానికోసం లిథియం ఆపనక్కర్లేదు.

పెళ్లయింది, పిల్లలు కావాలి. ఏం చేయాలి?

గర్భం వచ్చాక కాదు, అనుకున్నప్పుడే సైకియాట్రిస్ట్‌తోనూ గైనకాలజిస్ట్‌తోనూ మాట్లాడండి. మొదటి మూడు నెలల్లో లిథియం వల్ల బిడ్డకి గుండె లోపాల ముప్పు కొంత పెరుగుతుంది, డోసు ఎక్కువైతే ముప్పూ ఎక్కువ. అయితే ఒకప్పుడు అనుకున్నంత పెద్దది కాదు. కాన్పు తర్వాత జబ్బు తిరగబెట్టే ప్రమాదం మాత్రం చాలా ఎక్కువ. ఎవరికి ఏది మేలో మనిషిని బట్టి తేల్చాల్సిందే. భయపడి ఆ రాత్రే మాత్రలు పారేయడం అన్నిటికన్నా చెడ్డ నిర్ణయం.

లిథియం అల్జీమర్స్‌కి మంచిదని వార్తల్లో వచ్చింది. అమ్మానాన్నలకి కొనివ్వొచ్చా?

వద్దు. 2025లో హార్వర్డ్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక ఆసక్తికరమైన పని ప్రచురించారు. అల్జీమర్స్ ఉన్న మెదళ్లలో లిథియం తక్కువుందనీ, లిథియం ఒరొటేట్ అతి చిన్న మోతాదులో ఇస్తే ఎలుకల్లో మేలు కనిపించిందనీ చెప్పారు. ఎలుకల్లో కనిపించింది మనుషుల్లో రుజువయ్యేదాకా అది మందు కాదు. ఆన్‌లైన్‌లో సప్లిమెంట్ పేరుతో అమ్మే ఒరొటేట్ బైపోలార్ చికిత్సకు ప్రత్యామ్నాయం కూడా కాదు.

ఇంట్లో ఉన్నవాళ్లం ఏం గమనించాలి?

నిద్ర. మందు వాడుతున్నా, నాలుగు గంటలే పడుకుని అలసట లేకుండా లేస్తున్నారంటే, రెండు మూడు రోజులు వరుసగా అలాగే ఉంటే, మేనియా మొదలవుతోందేమో అని డాక్టర్‌కి చెప్పండి. ‘మాత్ర వేసుకున్నావా’ అని పదిమంది ముందు అడగొద్దు. వారం మాత్రలు రోజువారీ గళ్ల డబ్బాలో సర్దిపెడితే అడగాల్సిన అవసరమే రాదు. ఒక పూట మర్చిపోతే మరుసటి పూట రెండు కలిపి వేయకండి. రాత్రివేళ ఎవరితో మాట్లాడాలో తోచకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. లిథియం వాడుతున్నట్టు, ఎంత డోసో, చివరి లెవెల్ ఎంతో ఒక చిన్న కాగితం మీద రాసి వాళ్ల పర్సులో పెట్టండి. పళ్ల డాక్టర్ దగ్గరికెళ్లినా, యాక్సిడెంట్ అయినా నొప్పి మాత్ర రాసేవాళ్లు చూడాల్సిన కాగితం అది.